రెండు అధ్యారోపణలు: ఒక ప్రమాణ విచారం

తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం అభ్యసించే విద్యార్థికి తరంగాల పాఠంలో మూడు పదాలు వరుసగా ఎదురవుతాయి: అధ్యారోపణం, వ్యతికరణం, వివర్తనం. రెండు తరంగాలు ఒకే చోట కలిసినప్పుడు వాటి స్థానభ్రంశాలు కూడుకొనడం అధ్యారోపణం. ఆ కూడికవలన ఒకచోట తీవ్రత పెరిగి, వేరొకచోట తరిగి, వెలుగుచీకట్ల పట్టీలు ఏర్పడటం వ్యతికరణం. అడ్డు వచ్చిన వస్తువు అంచున తరంగం వంగి వ్యాపించడం వివర్తనం. పాఠ్యపుస్తకాలకు పరిభాషను కూర్చిన పండితులు ఈ పదాలను సంస్కృతం నుండి స్వీకరించారు. వారి కృషి శ్లాఘనీయమే. అయితే వీటిలో మొదటిదానికీ చివరిదానికీ అతి సమీపమైన పదాలు వేదాంతశాస్త్రంలో ఎంతో పూర్వమే వేరొక అర్థంలో స్థిరపడి ఉన్నాయి. సోమందేపల్లిలో పగలు కళాశాల పాఠం విని, సాయంకాలం దేవాలయ మండపంలో ప్రవచనం వినే యువకునికి అధ్యారోపం, అపవాదం, వివర్తం అనే మాటలు మళ్ళీ చెవిన పడతాయి. పగలు విన్నదీ సాయంకాలం విన్నదీ ఒకటేనా అనే శంక అతనికి కలగడం సహజం.

ఈ శంకకు ఈనాడు ఒక సులభమైన సమాధానం ప్రచారంలో ఉన్నది. రెండూ ఒకటేననీ, క్వాంటం శాస్త్రం అద్వైతాన్ని నిరూపించిందనీ, చూచేవాడు చూడటంవల్లనే జగత్తు ఏర్పడుతున్నదని పాశ్చాత్యులు యంత్రాలతో తేల్చారనీ వేదికలపైనా, చరవాణి సందేశాలలోనూ తరచుగా వినబడుతున్నది. వినడానికి ఇది ఇంపుగానే ఉంటుంది. కానీ ఇంపైనదెల్లా ప్రమాణం కాదు. శాస్త్రాన్ని గౌరవించేవారు ముందుగా ఆ ప్రయోగం ఏమి చెబుతున్నదో ఉన్నది ఉన్నట్లుగా తెలిసికొని, తరువాత వేదాంతం ఏమి చెబుతున్నదో విచారించి, ఆ పిమ్మట సామ్యాన్నీ భేదాన్నీ నిర్ణయించాలి.

కోనేటిలోని నిశ్చలజలంలో ఒకేసారి రెండు రాళ్ళు వేస్తే రెండు వలయాలు బయలుదేరి ఒకదానిలో ఒకటి ప్రవేశిస్తాయి. శృంగం శృంగంతో కలిసినచోట నీరు రెట్టింపు లేస్తుంది. శృంగం ద్రోణితో కలిసినచోట నీరు కదలక నిలుస్తుంది. కాంతి విషయంలో ఇదే జరుగుతున్నదని 19వ శతాబ్ది ఆరంభంలో థామస్ యంగ్ చూపించాడు. ఇంతవరకు ఆశ్చర్యం లేదు. ఆశ్చర్యం కాంతిని బాగా తగ్గించినప్పుడు మొదలవుతుంది. 1909లో జి.ఐ. టేలర్ అతిక్షీణమైన కాంతిని సూదిమీద పడనిచ్చి, దాని నీడను ఛాయాచిత్ర ఫలకంపై నెలల తరబడి పట్టాడు. కాంతి ఎంత క్షీణించినా నీడలోని పట్టీలు చెదరలేదు. 1989లో జపాన్‌లో హిటాచీ పరిశోధనాలయానికి చెందిన అకిరా తొనోమురా బృందం ఎలక్ట్రాన్లను ఒకదాని తరువాత ఒకటిగా పంపింది. ప్రతి ఎలక్ట్రాన్ తెరపై ఒక్క చుక్కగానే పడింది. కొద్ది చుక్కలు చూస్తే క్రమం ఏమీ లేదు. వేలకొలది చుక్కలు చేరిన తరువాత వెలుగుచీకట్ల పట్టీలు స్పష్టంగా తేలాయి. ఒక ఎలక్ట్రాన్ వేరొక ఎలక్ట్రాన్‌తో కలిసి ఈ పట్టీలను చేయలేదు, ఎందుకంటే మార్గంలో ఒకేసారి రెండు ఉన్న సందర్భాలే అత్యల్పం. ఒంటరిగా ప్రయాణించిన కణానికే రెండు మార్గాలతోను సంబంధం ఉన్నదని అంగీకరించక తప్పలేదు.

ఇట్లు ఒక కిరణాన్ని రెండు మార్గాలుగా విడదీసి మళ్ళీ కలిపి, కలయికలో ఏర్పడే పట్టీలను పరిశీలించే యంత్రానికి ఇంటర్‌ఫెరోమీటర్ అని పేరు. 1974లో వియన్నాలో హెల్ముట్ రౌఖ్, ట్రైమర్, బోన్సె అనే శాస్త్రజ్ఞులు న్యూట్రాన్లకు అటువంటి యంత్రాన్ని సిద్ధం చేశారు. అరచేతిలో పట్టేటంత సిలికాన్ స్ఫటికం, ఒకే పీఠంమీద నిలిచిన మూడు పలకలుగా చెక్కబడినది. మొదటి పలక న్యూట్రాన్ మార్గాన్ని రెండుగా చీలుస్తుంది, రెండవది ఆ మార్గాలను మళ్ళిస్తుంది, మూడవది కలుపుతుంది. రెండు మార్గాల మధ్య ఎడం కొన్ని సెంటీమీటర్లు. అంటే ఆ నడుమ వేలు పెట్టవచ్చు. ఒక న్యూట్రాన్ ఈ యంత్రంలో ఉన్నప్పుడు, తరువాత రాబోయే న్యూట్రాన్ సాధారణంగా యురేనియం కేంద్రకం నుండి ఇంకా వెలువడియే ఉండదు. అయినా వ్యతికరణం జరుగుతున్నది. 1999లో వియన్నాలోనే అరవై కార్బన్ పరమాణువుల అణువుతోను, 2019లో రమారమి రెండువేల పరమాణువులు గల మహాణువులతోను ఇదే ఫలితం లభించింది. ఇవి పరీక్షింపబడిన విషయాలు. వీటిని కాదనడానికి వీలులేదు.

ఇప్పుడు మొదటి పూర్వపక్షం. కణం రెండు మార్గాల అధ్యారోపణలో ఉన్నదని భౌతికశాస్త్రం అంటున్నది. బ్రహ్మమునందు జగత్తు అధ్యారోపితమని వేదాంతం అంటున్నది. కావున రెండూ ఒకే తత్త్వాన్ని చెబుతున్నాయని.

ఇది శబ్దసామ్యమే గాని అర్థసామ్యం కాదు. వేదాంతంలో అధ్యారోపమంటే ఒక వస్తువునందు అది కాని దానిని ఆరోపించడం. త్రాటియందు పాము తోచడం దీనికి ప్రసిద్ధ దృష్టాంతం. అక్కడ త్రాడు సత్యం, పాము మిథ్య. దీపం తెచ్చి చూస్తే పాము బాధింపబడుతుంది. త్రాడు ఎప్పటివలెనే ఉంటుంది. ఇక ప్రయోగశాలలోని అధ్యారోపణ కూడిక మాత్రమే. ఒక మార్గం యొక్క తరంగానికి రెండవ మార్గం యొక్క తరంగాన్ని చేర్చడం. ఇందులో ఒకటి అధిష్ఠానం, ఇంకొకటి ఆరోపితం అనే విభాగం లేదు. రెండు పదాలూ సమానహోదాగలవే. ఒక మార్గాన్ని మూసివేస్తే భ్రాంతి తొలగి సత్యం మిగలదు. ఒక ఫలితానికి బదులు వేరొక ఫలితం వస్తుంది. త్రాటిపాము దృష్టాంతాన్ని ఇక్కడకు తెచ్చి అతికిస్తే, రెండు మార్గాలలో ఏది త్రాడు, ఏది పాము అని అడిగినవానికి చెప్పగల సమాధానం లేదు. వివర్తనం విషయం కూడా ఇట్టిదే. అంచున తరంగం వంగడం ఒక వాస్తవమైన వ్యాపారం. వివర్తవాదంలోనైతే కారణం ఏ వికారమూ పొందకయే కార్యంగా భాసిస్తుంది. వంగినది వంగనట్లు కాదు గదా.

రెండవ పూర్వపక్షం ఇంతకంటె ప్రసిద్ధం, ఇంతకంటె ప్రమాదకరం. కణం ఏ మార్గాన పోయినదో పరిశీలిస్తే పట్టీలు మాయమవుతాయి, పరిశీలించకుంటే ఉంటాయి. కావున ద్రష్ట చైతన్యమే ఫలితాన్ని నిర్ణయిస్తున్నదనీ, ఆ ద్రష్టయే వేదాంతం చెప్పే సాక్షి అనీ వాదం.

ఇక్కడ 'పరిశీలన' అనే పదాన్ని జాగ్రత్తగా చూడాలి. 1998లో జర్మనీలోని కోన్‌స్టాన్స్ విశ్వవిద్యాలయంలో డ్యూర్, నోన్, రెంపె అనే శాస్త్రజ్ఞులు రుబీడియం పరమాణువులతో ఒక ప్రయోగం చేశారు. పరమాణువు ఏ మార్గాన పోయినదో ఆ చిహ్నం దాని అంతఃస్థితిలోనే ముద్రపడేటట్లు చేశారు. ఆ చిహ్నాన్ని ఎవరూ చదవనక్కరలేదు. అది ఉంటే చాలు, పట్టీలు నశించాయి. 2004లో వియన్నా బృందం డెబ్బై కార్బన్ పరమాణువుల అణువులను లేజరు కాంతితో బాగా వేడిచేసి పంపింది. వేడెక్కిన వస్తువు కాంతిని వెలువరిస్తుంది; ఆ వెలువడిన కాంతి అణువు ఉన్న చోటును లోకానికి చాటుతుంది. వేడి పెరిగినకొద్దీ పట్టీలు క్రమంగా వెలిసిపోయాయి. ఆ కాంతిని పట్టి చూచిన మనుష్యుడు లేడు. కావున వ్యతికరణాన్ని చెరిపేది చేతనుని దృష్టి కాదు. మార్గానికి సంబంధించిన గుర్తు పరిసర జడపదార్థంలో మిగిలిపోవడమే. మట్టిదారిన పోయిన బండి చక్రపు జాడ వంటిది అది. జాడను ఎవరైనా చూచినా చూడకపోయినా జాడ జాడయే.

వేదాంతం చెప్పే సాక్షి లక్షణం దీనికి పూర్తిగా విరుద్ధం. సాక్షి అంటే ఉదాసీనుడు. దేవాలయ గర్భగృహంలో వెలిగే దీపం అర్చకుని పూజనూ, భక్తుని నమస్కారాన్నీ, ఎవరూ లేనప్పటి శూన్యాన్నీ సమానంగా ప్రకాశింపజేస్తుంది. వాటిలో దేనినీ మార్చదు, దేనివలనా మారదు. ప్రయోగశాలలోని పరిశీలన యంత్రం కణంతో సంబంధపడి, తాను మారి, దానినీ మారుస్తుంది. అది కర్తృకోటిలోనిది, వ్యాపారం గలది, జడం. అట్టి యంత్రాన్ని సాక్షిచైతన్యమని చెప్పడం సాక్షికి కర్తృత్వాన్ని అంటగట్టడమే. ఏ అధ్యాసను తొలగించడానికి శాస్త్రం ప్రవర్తించినదో, ఆ అధ్యాసనే శాస్త్రం పేరిట బోధించినట్లు అవుతుంది. భౌతికశాస్త్రజ్ఞునికి దీనివలన పెద్ద నష్టం లేదు, నష్టం ముముక్షువుకే.

అయితే ఈ ప్రయోగాలనుండి శాస్త్రాధ్యాయి నేర్వదగినది ఏమీ లేదా? తప్పక ఉన్నది. అది సిద్ధాంతంలో కాదు, పరీక్షా విధానంలో ఉన్నది. దానికి ఉదాహరణ దూరదేశంలోనే వెదకనక్కరలేదు. ధర్మవరం నుండి పెనుకొండ, హిందూపురం మీదుగా పోయే రైలుమార్గం గౌరీబిదనూరు దాటి బెంగళూరు చేరుతుంది. గౌరీబిదనూరు సమీపంలో 1970ల నుండి ఒక రేడియో వేధశాల కలదు. అక్కడ నేలమీద వరుసలుగా నిలిపిన వేయి యాంటెనాలు, తూర్పుపడమరలుగా 1.38 కిలోమీటర్ల పొడవున, దక్షిణంగా సుమారు అర కిలోమీటరు మేర, ఆకాశం నుండి వచ్చే దీర్ఘతరంగాలను గ్రహించేవి. విడివిడిగా గ్రహించిన సంకేతాలను కలిపి, వాటి వ్యతికరణం నుండి ఆకాశ చిత్రాన్ని రాబట్టేవారు. అక్కడనే పిమ్మట ఏర్పడిన సూర్యదర్శక యంత్రం కూడా ఈ సూత్రంమీదనే పనిచేస్తున్నది. ఒకచోట సాధనంగా ఉపయోగపడే సూత్రాన్ని వేరొకచోట ప్రశ్నించి పరీక్షిస్తున్నారు. బెంగళూరులో సి.వి. రామన్ 1948లో స్థాపించిన రామన్ పరిశోధన సంస్థలో ఆచార్య ఉర్బశీ సిన్హా బృందం అటువంటి పరీక్షలు చేస్తున్నది.

ఆమె కెనడాలోని వాటర్లూలో ఉన్నప్పుడు సహచరులతో చేసిన ప్రయోగం 2010లో 'సైన్స్' పత్రికలో వెలువడింది. దాని ప్రయోజనాన్ని చిన్న గణితంతో గ్రహించవచ్చు. కణం ఒకచోట పడే సంభావ్యత, అక్కడి తరంగ పరిమాణం యొక్క వర్గమని 1926లో మాక్స్ బోర్న్ నియమం చేశాడు. ఒక రంధ్రం నుండి వచ్చిన తరంగం అ, రెండవదానినుండి వచ్చినది ఇ అనుకుంటే, రెండింటి మొత్తం యొక్క వర్గంలో అ వర్గం, ఇ వర్గం, వాటితోపాటు అ ఇ ల లబ్ధానికి రెట్టింపు ఉంటాయి. ఈ చివరి పదమే వ్యతికరణం. మూడవ రంధ్రం తెరిచి ఉ అనే తరంగాన్ని చేర్చినా వర్గంలో వచ్చేవి జంటలే: అ ఇ, ఇ ఉ, అ ఉ. మూడింటి లబ్ధం ఎక్కడా రాదు. అంటే వ్యతికరణం ఎల్లప్పుడు ఇద్దరి మధ్యనే గాని ముగ్గురి మధ్య కొత్తగా ఏదీ పుట్టదు. ఈ విషయాన్ని పరీక్షించవచ్చునని 1994లో రఫాయెల్ సోర్కిన్ సూచించాడు. అప్పటికి ఎన్నో దశాబ్దాలుగా లోకమంతా నమ్మి వాడుకుంటున్న నియమమది. అయినా నమ్మినదే గదా అని విడిచిపెట్టలేదు.

మూడు రంధ్రాలను తెరవడం, మూయడం ఎనిమిది విధాలు: మూడూ తెరిచి ఒకటి, రెండేసి తెరిచి మూడు, ఒక్కొక్కటి తెరిచి మూడు, అన్నీ మూసి ఒకటి. ఈ ఎనిమిదింటినీ కొలిచి, కూడికతీసివేతలు చేస్తే చివరకు శూన్యం మిగలాలి. జంటల వ్యతికరణంలో నూరవ వంతు కంటె ఎక్కువ శేషమేదీ కనబడలేదు. బోర్న్ నియమం నిలిచింది. తర్కశాస్త్రంలో దీనినే అన్వయవ్యతిరేకమంటారు: ఇది ఉంటే అది ఉండటం, ఇది లేకుంటే అది లేకపోవడం. వేదాధ్యయనం చేసినవారికి వేరొక పోలిక కూడా తోస్తుంది. క్రమపాఠంలో పదాలను జంటలుగా చేర్చి పలుకుతారు. ఘనలో మూడు పదాలను ముందుకూ వెనుకకూ త్రిప్పి చెబుతారు. ఒక్క స్వరం తప్పినా ఏదో ఒక కలయికలో అది బయటపడి తీరుతుంది. ఒకే విషయాన్ని అన్ని కలయికలలోను నిలబెట్టి దోషం దాగడానికి చోటు లేకుండా చేయడమే రెండుచోట్లా ఉద్దేశం. వికృతిపాఠాలు కూడా ఎనిమిదే గదా అని ఎవరైనా ఉత్సాహపడితే, అది సంఖ్యాసామ్యం మాత్రమేనని చెప్పి ఆపాలి.

ఈ కథ అక్కడితో ముగియలేదు. అదే ఆచార్య, రాహుల్ సావంత్, జోసెఫ్ సామ్యూల్, అనింద సిన్హా, సుపర్ణ సిన్హాలతో కలిసి 2014లో ప్రచురించిన గణనలో ఒక సూక్ష్మాన్ని చూపించారు. రెండు రంధ్రాలు ఒకేసారి తెరిచినప్పటి తరంగం, విడివిడిగా తెరిచినప్పటి తరంగాల మొత్తానికి సరిగ్గా సమానం కాదు. ఒక రంధ్రంలో ప్రవేశించి, ప్రక్కకు పోయి, వేరొక రంధ్రాన్ని తాకి వచ్చే వంకర మార్గాలు కూడా కొంత భాగం వహిస్తాయి. 2018లో బెంగళూరు బృందం సూక్ష్మతరంగాలతో చేసిన ప్రయోగంలో ఆ వ్యత్యాసం ఆరు శాతం వరకు కనబడింది. దీనివలన బోర్న్ నియమం తప్పలేదు. ఆ నియమాన్ని అన్వయించే పద్ధతిలో అందరూ ఉపేక్షించిన ఒక అంశం బయటపడింది. శూన్యమని తాము చూపిన చోటనే అతిసూక్ష్మమైన శేషం ఉండవలెనని తామే చెప్పి, దానిని కొలిచి చూపడం శాస్త్రనిష్ఠకు లక్షణం. హిందూపురం దగ్గర లేపాక్షి వీరభద్రాలయంలో వ్రేలాడే స్తంభాన్ని చూడటానికి వచ్చినవారు, విన్నమాటతో తృప్తిపడక పలుచని వస్త్రాన్ని స్తంభం క్రిందుగా జరిపి చూస్తారు. ప్రత్యక్షానికి అందే విషయంలో మనుష్యుని బుద్ధి సహజంగా కోరేది ఇదే. అది అశ్రద్ధ కాదు.

రామన్ సంస్థలోనే మరొక సంగతి జరిగింది. రామన్ మేనల్లుడైన ఎస్. పంచరత్నం 1956లో ధ్రువిత కాంతి వ్యతికరణంపై ఒక వ్యాసం ప్రచురించాడు. కాంతి తన ధ్రువణస్థితులలో ఒక చుట్టు తిరిగి మొదటి స్థితికే వచ్చినా, దశలో ఒక భేదం మిగులుతుందని అందులో చూపించాడు. ఆ భేదం చుట్టు ఆవరించిన ఘనకోణంలో సగం. ఆయన 1969లో అల్పవయస్సులోనే దివంగతుడయ్యాడు. ఆ వ్యాసపు ప్రాముఖ్యం 1980లలో గాని లోకానికి తెలియలేదు. ఇటువంటి సగపు లెక్కయే న్యూట్రాన్ విషయంలోను ఉన్నది. 1975లో రెండు బృందాలు వేర్వేరుగా, ఒక మార్గంలోని న్యూట్రాన్ భ్రమణాన్ని అయస్కాంతక్షేత్రంతో త్రిప్పి పరీక్షించాయి. ఒక పూర్తి చుట్టు తిరిగిన న్యూట్రాన్ తరంగం ఋణచిహ్నం పొందుతుంది. రెండవ చుట్టు పూర్తయినప్పుడే మొదటి స్థితికి వస్తుంది. ప్రదక్షిణ చేసే జాతికి ఇది వినగానే హృదయం ఉప్పొంగుతుంది. ఒక ప్రదక్షిణతో మనుష్యుడు బయలుదేరిన చోటికే వచ్చినా బయలుదేరినవాడుగా ఉండడనే భావన రమ్యమైనదే. రమ్యమైన దృష్టాంతంగా దానిని చెప్పుకొనవచ్చు. ప్రదక్షిణకు న్యూట్రాన్ ప్రమాణమని మాత్రం చెప్పరాదు.

ఇంతగా వేరుచేసి చెప్పవలసిన అవసరమేమి, జనులకు భక్తి కలిగితే చాలదా అని కొందరు అంటారు. చాలదు. క్వాంటం గణితానికి తాత్పర్యం చెప్పడంలో శాస్త్రజ్ఞులలోనే భిన్నమతాలు ఉన్నాయి. 1952లో డేవిడ్ బోమ్ ప్రతి కణానికి నిశ్చితమైన ఒకే మార్గం ఉన్నదని చెప్పే వ్యాఖ్యానం చేశాడు. 1957లో హ్యూ ఎవరెట్ చేసిన ప్రతిపాదన నుండి సంభవించదగిన ఫలితాలన్నీ వేర్వేరు శాఖలలో జరుగుతున్నవనే వ్యాఖ్యానం వచ్చింది. పైన చెప్పిన ప్రయోగాల ఫలితాలు అన్ని వ్యాఖ్యానాలకూ సమ్మతమే. రేపు బోమ్ మతమే నిలిచి, చూచేవానికి విశేష స్థానమేమీ లేదని తేలితే, నేడు ప్రయోగశాలను చూపి అద్వైతాన్ని నమ్మిన యువకుడు అప్పుడు దేనిని పట్టుకొని నిలబడాలి? పొరుగువాని గోడకు ఆనించిన పందిరి, గోడ తీసిననాడు పడిపోతుంది.

పూర్వాచార్యుల మార్గం స్పష్టంగా ఉన్నది. ప్రతి ప్రమాణానికీ తన విషయం ఉన్నది. రూపాన్ని గ్రహించడంలో చెవి ప్రమాణం కాదు. శబ్దాన్ని గ్రహించడంలో కన్ను ప్రమాణం కాదు. అగ్ని చల్లనిదని నూరు శ్రుతివాక్యాలు చెప్పినా అవి ఆ విషయంలో ప్రమాణం కాజాలవని శంకర భగవత్పాదులు గీతాభాష్యంలో నిస్సంకోచంగా వ్రాశారు. లోకప్రత్యక్షానికి వారిచ్చిన గౌరవం అంతటిది. దానికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. ప్రత్యక్షానికీ అనుమానానికీ అందని ఆత్మస్వరూపం విషయంలో శ్రుతియే ప్రమాణం. యంత్రం ఎంత సూక్ష్మమైనదైనా దాని ముందు నిలిచేది దృశ్యమే. ద్రష్ట ఎన్నడూ యంత్రానికి విషయం కాదు. కాగలిగినచో అది ద్రష్టయే కాదు.

కావున మండపంలో కూర్చొని ఆ రెండు అధ్యారోపణలు ఒకటేనా అని అడిగే విద్యార్థికి కాదనియే చెప్పాలి. కాదని చెప్పి ఊరుకోక, ఎందుకు కాదో రెండు శాస్త్రాల పక్షానా వివరించాలి. ఆ వివరించే శ్రమను తప్పించుకొనడానికే అనేకులు ఔనంటున్నారు. తరంగాల అధ్యారోపణ తెలియాలంటే అతడు గణితం నేర్వాలి, కొలవాలి, కొలిచినదానిని మళ్ళీ శంకించాలి. తనయందు తానే చేసికొన్న అధ్యారోపాన్ని తొలగించుకొనాలంటే వివేకవైరాగ్యాదులను సంపాదించి, గురువును ఆశ్రయించి, శ్రవణమననాలు చేయాలి. మననమంటే కూడా శంకించి నిశ్చయించుకొనడమే గదా. ఒకచోట నిజాయితీగా శంకించడం అలవాటైన బుద్ధి రెండవచోట కూడా పనికివస్తుంది. ప్రయోగశాల శాస్త్రాధ్యాయికి చేయగల ఉపకారం అదే, అది అల్పమైనది కాదు.

శుభం భూయాత్.